పసుపు రాసిన పాయిఖానా

19 జనవరి 1976, సోమవారం

ఇవాళ్టి నుంచి వైండింగ్ సెక్షన్‌లో ఆడవాళ్ళకి నేనే పెద్దని. చార్జ్‌హ్యాండ్ అంటారట. రాసుకుంటుంటేనే నవ్వొస్తోంది. మోటార్లకి రాగితీగ చుట్టడం నేర్చుకుని ఇంకా ఏడాది కాలేదు, అప్పుడే పెత్తనం. ఆయనతో చెబితే, "ఇంట్లో చేసేది చాలక అక్కడ కూడానా?" అన్నారు. త్రినాథరావుగారికి వేళాకోళం ఎక్కువ. పెద్ద ప్లాంటులో మెషినిస్టు కదా, మా పటాన్‌చెరు ఫ్యాక్టరీ అంటే ఆయనకి బొమ్మలకొలువు.

పొద్దున మేనేజరు రాజారావుగారు ఆఫీసులోకి పిలిచి కూర్చోమన్నారు. "చూడండి కమలాకుమారిగారూ, ఆడవాళ్ళని పనిలో పెట్టుకోవడం మాకిదే మొదలు. మార్చి దాకా చూస్తాం. బాగుందనిపిస్తే మీ అందరినీ పర్మనెంటు చేస్తాం. లేదంటే మీ చోట్లో మగవాళ్ళని పెట్టుకుంటాం" అన్నారు.

పక్కన ఫోర్‌మన్ బాపిరాజుగారు నిలబడి ఉన్నారు. భీమవరం వైపు మనిషే, మన వైపు వాడే కదా అని ఏమైనా అభిమానం ఉంటుందనుకుంటే, ఉహూఁ. "సార్, వీళ్ళు సీట్లో కూర్చుంటే కదా! ఒకళ్ళు లేస్తే గుంపంతా లేచి, వెనక గోడ సందులోంచి జొన్నచేలోకి పోతారు. సగం చుట్టిన కాయిల్ అలాగే ఉంటుంది. తిరిగొచ్చాక ఎన్ని చుట్లు చుట్టారో వాళ్ళకే గుర్తుండదు" అన్నారు.

అబద్ధమని అనలేను. సెక్షన్‌లో నేను తప్ప అందరూ ముత్తంగి, భానూరు ఆడవాళ్ళే. పొలం పనుల నుంచి నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్ళు. చేలోకి వెళ్ళడం వాళ్ళకి మామూలే.

"ఆడవాళ్ళకని కట్టించిన గది ఉందిగా?" అన్నారు మేనేజరు. అందరం వెళ్ళి చూశాం. తలుపు తోస్తే ముందు సిమెంటు బస్తాలు, వాటి మీద విరిగిన కుర్చీ. పంపులో నీళ్ళు రావు. తలుపుకి గడియ లేదు. కంపు సంగతి చెప్పక్కర్లేదు.

"మీ ఇంటి ఆడవాళ్ళని ఇందులోకి పంపుతారా సార్?" అనేశాను. నా నోరు ఊరుకోదు కదా.

బాపిరాజుగారి కళ్ళు పెద్దవయ్యాయి. మేనేజరు మాత్రం కోప్పడలేదు. "అయితే మీరే బాగు చేయించండి. ఇది మీకే అప్పగిస్తున్నాను" అన్నారు. అడిగి నెత్తిన పెట్టుకోవడమంటే ఇదే.

20 జనవరి, మంగళవారం

సిమెంటు బస్తాలు ఇంకా తియ్యలేదు. రెండుసార్లు అడిగాను. రేపు అడగను, అరుస్తాను.

22 జనవరి, గురువారం

అరిచాను. బస్తాలు పోయాయి.

ఫిట్టరు యాదగిరి పంపు బాగుచేసి, తలుపుకి గడియ బిగించాడు. "గడియ లోపటికెల్లి పెట్టాలెనా అక్కా, బయటికెల్లి పెట్టాలెనా?" అని అడిగాడు. "లోపలికే పెట్టు నాయనా, ఇదేమన్నా జైలా?" అన్నాను. లేతు మెషిన్ల దగ్గర మగవాళ్ళందరూ నవ్వారు. నవ్వనీ.

కడగడానికి మనిషి లేదన్నారు. ఎల్లయ్య మగవాళ్ళ వైపు కడుగుతాడు, ఇటు రాడు, రాకూడదు కూడా. మళ్ళీ మేనేజరు దగ్గరికి వెళ్ళి వాదించి ఎల్లయ్య భార్య దేవమ్మని పెట్టించాను. ఆమెకి కూడా మార్చి దాకానే. మేముంటే ఆమె ఉంటుంది.

దేవమ్మ కొబ్బరిపీచు పెట్టి రుద్దుతుంటే నేను గడప దగ్గర నిలబడి దగ్గరుండి కడిగించాను. ఆ మూల, ఈ మూల, గోడ కింద, అన్నీ చూపించాను. నీళ్ళ తొట్టి ఎక్కడ పెట్టాలో కూడా అక్కణ్ణించే చెప్పాను. కిటికీ కిందైతే చూడ్డానికి బాగుంటుందని అక్కడే పెట్టించాను.

"లోపటికొచ్చి సూడక్కా, అద్దం లెక్క చేసిన" అంది దేవమ్మ.

"ఇక్కణ్ణించే కనపడుతోందిలే" అన్నాను. నిజంగానే అద్దంలా ఉంది. ఫినాయిల్ వాసన కూడా ఇవాళ నాకు బాగుంది. ఇంత సంతోషంగా ఈ మధ్య ఎప్పుడూ ఇంటికి రాలేదు.

26 జనవరి, సోమవారం

సెలవు. కందిపొడి కొట్టాను. అత్తయ్యగారు పక్కన కూర్చుని కంది ఏరుతూ, "ఏమే కమలా, ఆ ఫ్యాక్టరీ దొడ్డికి వెళ్ళిన చీరతో నా వంటింట్లోకి గానీ వస్తున్నావా?" అని అడిగింది.

అన్నపూర్ణమ్మగారి పట్టింపులు ఊళ్ళో ఎలా ఉండేవో ఈ క్వార్టర్లోనూ అలాగే ఉన్నాయి. దొడ్డికి వెళ్తే చీర మార్చాలి, కాళ్ళు కడగాలి, అప్పుడే వంటింటి గడప తొక్కాలి. తప్పేమీ లేదు. మా పుట్టింట్లోనూ అంతే.

"నేనసలు అక్కడికి వెళ్ళనే వెళ్ళనండి అత్తయ్యగారూ. మళ్ళీ ఇంటికొచ్చాకే" అన్నాను.

"అదీ పద్ధతంటే" అంది. ఆవిడ నోటి వెంట పొగడ్త రావడం అపురూపం. నా ఉద్యోగం గురించి మొదటిసారి సణగకుండా కంది ఏరింది.

నిజానికి నాకు అవసరం రాదు. పొద్దున ఒక్క కాఫీ తాగి బయల్దేరతాను. దారిలో గానీ, ఫ్యాక్టరీలో గానీ నీళ్ళు ముట్టను. మధ్యాహ్నం పెరుగన్నం తింటాను, నోరు పుక్కిలిస్తాను, అంతే. నాకు దాహం తక్కువ. కాకపోతే ఈ మధ్య కాస్త వేడి చేసినట్టుంది. మెంతులు మజ్జిగలో నానబెట్టుకోవాలి.

30 జనవరి, శుక్రవారం

శుక్రవారం కదా అని ఇంటి నుంచి పసుపు, బియ్యప్పిండి పట్టుకెళ్ళాను. కొత్తగా బాగైన గది. గడపకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ముందు చిన్న ముగ్గు వేశాను. మన చేతుల్లో ఉన్న చోటు ముచ్చటగా ఉండద్దూ!

రాజవ్వ మెషిన్ ఆపి వచ్చి చూసింది. ఈమె మా సెక్షన్‌లో అందరికంటే పెద్దది, మాట కరుకు. "ఏందక్కా గిది, పాయిఖానకు పసుపా?" అంది.

"చూడ్డానికి బాగాలేదా?" అన్నాను.

"మస్తుగున్నది" అని వెళ్ళి కూర్చుంది. అందరూ తలలు దగ్గర పెట్టుకుని ఏదో గుసగుసలాడుకున్నారు. మెచ్చుకుంటున్నారు, నా ఎదుట అనరు, అంతే.

2 ఫిబ్రవరి, సోమవారం

నేను పెట్టించినది పెట్టించినట్టే ఉంది గది! నేల మీద ఒక్క మరక లేదు. ఫినాయిల్ సీసా ఇంకా సగం కూడా కాలేదు. దేవమ్మ పొదుపరి. ఆడవాళ్ళు కూడా ఎంత జాగ్రత్తగా వాడుకుంటున్నారో! వీళ్ళకి శుభ్రం తెలియదన్న వాళ్ళ మొహం మండ. మేనేజరుని పిలిచి చూపించాను. "శభాష్" అన్నారు. "మాటలు తక్కువ, పని ఎక్కువ" అని గోడ మీద కొత్తగా బోర్డు పెట్టారు కదా, దాని పక్కనే నిలబడి అన్నారు.

5 ఫిబ్రవరి, గురువారం

గది అద్దంలా ఉంది. నడుము నొప్పి.

9 ఫిబ్రవరి, సోమవారం

ఒళ్ళు మండిపోతోంది. నిప్పుల మీద నడిచి వచ్చినట్టుంది నాకు.

బాపిరాజుగారు నన్ను స్టోర్సు కిటికీ దగ్గరికి పిలిచి, "రండి, మీ అద్దం చూపిస్తాను" అన్నారు. కిటికీలోంచి వెనక గోడ సందు కనిపిస్తోంది. ఒకరి వెనక ఒకరు, రాజవ్వ, మొగులమ్మ, మిగతావాళ్ళు, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ జొన్నచేలోకి వెళ్తున్నారు! అసలు మానలేదు. ఒక్కరోజు కూడా మానలేదు. ఆ గదిలోకి ఒక్క మనిషి అడుగు పెట్టలేదు. వాడని గది మురికెలా అవుతుంది? నేనేమో శభాష్ అనిపించుకుని వచ్చాను.

"ఆడవాళ్ళని మార్చడం ఎవరి తరం కాదండీ. మేనేజరుగారికి ఇవాళే చెబుతున్నా. ఆ సందు కూడా మూయించేస్తాం" అన్నారాయన. సంతోషంగా అన్నారు, అదీ నా కడుపుమంట.

వాళ్ళు తిరిగొచ్చాక అందరినీ నిలబెట్టి కడిగేశాను. "మీ కోసం నేను మేనేజరుతో పోట్లాడాను. మార్చిలో మనందరినీ పొమ్మంటే ఎక్కడికి పోతారు? మళ్ళీ కలుపు తియ్యడానికి పోతారా?" అన్నాను. మొగులమ్మ తల వంచుకుని పొట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడింది. ఆమెకి ఐదో నెల. మా అందరిలోకీ మంచి పనితనం ఆమెదే, ఆమె చుట్టిన కాయిల్‌లో ఒక్క తీగ పక్కకి పోదు. ఆమెని అరిచినందుకు మాత్రం బాధగా ఉంది.

చివరికి రాజవ్వ, "గడపకు పసుపు పెట్టినవు, ముగ్గేసినవు. దేవునర్ర లెక్క చేసి పెట్టినంక అండ్లకెట్ల పోతమక్కా?" అంది.

ఓసి నా తల్లీ! పూజగదిలా ఉందనా! ఇదా సంగతి!

10 ఫిబ్రవరి, మంగళవారం

ముగ్గు నా చేత్తోనే చెరిపేశాను. గడప మీద పసుపు దేవమ్మ చేత కడిగించాను. ఇక చూడాలి.

12 ఫిబ్రవరి, గురువారం

చూశాను. ఎవరూ వెళ్ళలేదు.

13 ఫిబ్రవరి, శుక్రవారం

పని మానేసి ఆసుపత్రికి వెళ్ళాల్సి వచ్చింది. రాత్రంతా చలి, జ్వరం, మంట. ఆయన బలవంతాన తీసుకెళ్ళారు. లేడీ డాక్టరు చిన్నపిల్ల, ప్రశ్నలు మాత్రం పెద్దపెద్దవి. రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతారు, ఎన్నిసార్లు వెళ్తారు అని మొగుడి ఎదుటే అడిగింది. సిగ్గుతో చచ్చాను.

"పనిచేసే చోట బాత్రూం లేదా అమ్మా?" అంది.

"ఎందుకు లేదండీ? చాలా శుభ్రంగా ఉంటుంది. నేనే చూసుకుంటాను" అన్నాను.

"మరి మీరెందుకు వెళ్ళరు?"

ఏం చెప్పాలి? నాకు అలవాటు లేదన్నాను. ఆవిడ ఆయన వైపు చూసింది, ఆయన గోడ మీద పటం వైపు చూశారు. మాత్రలు రాసిచ్చి, బాగా నీళ్ళు తాగమంది. నాకు వేడి చేసింది, అంతకన్నా ఏమీ లేదు. ఈ కాలపు డాక్టర్లకి వేడి చెయ్యడమంటే ఏమిటో తెలియదు.

17 ఫిబ్రవరి, మంగళవారం

గోడ సందు రాళ్ళు పెట్టి మూసేశారు. నిన్నటి నుంచి సెక్షన్‌లో మాటల్లేవు, నవ్వుల్లేవు. మధ్యాహ్నం దాటేసరికి ఒక్కొక్కరూ కాళ్ళు ముడుచుకుని, మొహాలు బిగబట్టుకుని కూర్చుంటున్నారు. అచ్చం నా...

సరే, అది వదిలెయ్. భానూరు నుంచి వచ్చే ఇద్దరు ఇవాళ పనిలోకి రాలేదు.

19 ఫిబ్రవరి, గురువారం

మొగులమ్మ పడిపోయింది. ఆగలేక పెద్ద గేటు బయటికి వెళ్ళి, రోడ్డు పక్క కాలవ దాటబోయి జారిందట. కాలు మడమ దగ్గర వాచిపోయింది. కడుపులో బిడ్డకి ఏం కాలేదని చూసిన నర్సు చెప్పింది. ఆ మాట వినేదాకా నా ప్రాణం ప్రాణంలో లేదు. ఎల్లయ్య బండి మాట్లాడి ఇంటికి పంపించాడు.

మేనేజరు మొహం అదోలా ఉంది. "ఇలా అయితే కష్టమండీ" అని మాత్రం అన్నారు. నాకంత శుభ్రమైన గది ఉంది, నా మనిషి కాలవలో పడింది. ఎక్కడ తప్పు చేశానో అర్థం కావడం లేదు.

22 ఫిబ్రవరి, ఆదివారం

ముత్తంగి వెళ్ళాను. బత్తాయిలు తీసుకెళ్ళాను. మొగులమ్మ మంచం మీద కాలు చాపుకుని, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను. వాళ్ళ అత్త చాయ్ పెట్టింది.

చాయ్ పక్కన పెట్టి, "కడిగించాను, గడియ పెట్టించాను, ముగ్గు కూడా చెరిపేశాను. ఇంకా నీకేం లోటు చేశానే? కాలవలో పడే దాకా తెచ్చుకున్నావు" అన్నాను. గట్టిగానే అన్నాను. దిగులుతో అలా వచ్చేసింది.

మొగులమ్మ చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. "కోపానికి రాకక్కా. ఒక్క మాట అడుగుత. నువ్వు ఎన్నడన్న పోయినవా, గా రూమ్లకు?" అంది.

"నాకవసరం రాదు" అన్నాను.

"ఎట్ల రాదక్కా? నువ్వేమన్న దేవతవా?" అంది. వాళ్ళ అత్త పొయ్యి దగ్గర నవ్వు ఆపుకోలేకపోయింది. మొగులమ్మ మాత్రం నవ్వలేదు. "పొద్దుగాల బస్సు దిగినకాడికెల్లి పొద్దుమూకెదాక ముడుసుకొని కూసుంటవు. మాకు ఎర్క లేదనుకున్నవా? మేం గూడ ఆడోళ్ళమే గద. పగటిపూట అన్నం తిన్నంక నీ మొకం సూస్తే మాకే పరేషాన్ అయితది."

నేను చాయ్ గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

"గడప బయట నిలబడి కడిగిపిస్తవు, గడప దాటవు. నీకు పనికిరాని జాగ మాకు పనికొస్తదా అని రాజవ్వ అన్నది. నేను గట్ల అనలే. కమలక్క మంచిది, గని మనం పోతే 'గీళ్ళు ఓర్సుకోరు, గీళ్ళకు సిగ్గు లేదు' అనుకుంటదేమో అన్న. నువ్వట్ల ఓర్సుకొని కూసున్నంక, నీ కండ్ల ముందలికెల్లి లేసి పోవుడు మాకు సిగ్గు గాదా? సేనులకైతే అందరం కలిసి పోతం, ఎవ్వలు ఎవ్వల సూడరు."

చాయ్ తాగలేకపోయాను. బస్సులో కూర్చున్నాక కళ్ళ నీళ్ళు ఆగలేదు. ముందు కోపమే అనుకున్నాను. అది కోపం కాదు, సిగ్గు. వెళ్ళడానికి సిగ్గుపడ్డ దానికన్నా ఎక్కువ సిగ్గు.

ఇంతకీ డాక్టరమ్మ అడిగినదీ ఇదే కదా.

23 ఫిబ్రవరి, సోమవారం

రెండుసార్లు కుర్చీలోంచి లేచాను. రెండుసార్లూ వార్నిష్ డబ్బా చూసొచ్చాను. ధైర్యం చాల్లేదు.

24 ఫిబ్రవరి, మంగళవారం

వెళ్ళాను!

పొద్దున డాక్టరు చెప్పినట్టు చెంబుడు నీళ్ళు తాగి బయల్దేరాను, ఇక తప్పించుకోవడానికి లేకుండా. టీ గంట కొట్టగానే మెషిన్ ఆపి లేచాను. లేతు మెషిన్ల పక్కనుంచి ఆ గది దాకా నడుస్తుంటే, నా పెళ్ళిలో పీటల మీదికి నడిచినప్పుడు కూడా ఇంతమంది చూసినట్టు అనిపించలేదు. నిజానికి ఎవరూ చూడలేదు, ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. మా ఆడవాళ్ళు మాత్రం చూశారు. వైండింగ్ మెషిన్ల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోవడం నాకు వెనక నుంచి వినిపిస్తోంది.

లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంటే తెలిసింది నా పెత్తనం ఎంత చక్కగా ఉందో. కొంగు తగిలించుకుందామంటే గోడకి ఒక్క మేకు లేదు. కూర్చున్న చోటు నుంచి నీళ్ళ తొట్టి అందదు! ఎంత చెయ్యి చాపినా అందదు. కిటికీ కింద చూడ్డానికి బాగుంటుందని పెట్టించిన మహాతల్లిని నేనే. లోపల ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. నవ్వు బయటికి వినపడిందేమో కూడా.

వచ్చేసరికి అందరూ నా వైపే చూస్తున్నారు.

"ఏం చూస్తున్నారే? నీళ్ళ తొట్టి అంత దూరాన ఉంది, ఒక్కళ్ళయినా చెప్పారా నాకు?" అన్నాను.

"పోతె గదా అక్కా మాకు ఎర్కయ్యేది!" అంది రాజవ్వ.

ఆ నవ్వులకి బాపిరాజుగారు తన గది తలుపు తీసి చూశారు. యాదగిరిని పిలిచి గోడకి మేకులు కొట్టించాను, తొట్టి జరిపించాను. ఈసారి లోపల నిలబడి జరిపించాను. సాయంత్రం లోపల రాజవ్వ వెళ్ళింది. కొంగు నడుముకి చుట్టుకుని, పోట్లాటకి వెళ్తున్నదానిలా వెళ్ళింది.

ఇంటికి వచ్చాక పెరటి వసారాలోనే నిలబడి, "అత్తయ్యగారూ, ఇవాళ ఫ్యాక్టరీలో వెళ్ళానండి" అని చెప్పేశాను. దాచి వంటింట్లోకి వెళ్ళడం నాకిష్టం లేదు.

ఆవిడ నా మొహం చూసింది. పది రోజులుగా మాత్రలు మింగుతున్న మొహం. "శుభ్రంగా ఉంటుందా?" అని అడిగింది.

"మనింట్లోకన్నా బాగుంటుందండి."

"అంత పొగుడుకోకు" అని లోపలికి వెళ్ళి, ఉతికిన పాత చీర తెచ్చి వసారా దండెం మీద వేసింది. "రోజూ ఇక్కడే మార్చుకుని లోపలికి రా. నీళ్ళు నేను కాచి పెడతాలే" అంది.

ఆయన పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. నవ్వితే నవ్వారు, మంట తగ్గింది.

1 మార్చి, సోమవారం

గది పాడైపోయింది! నేలంతా మట్టి కాళ్ళ గుర్తులు, తలుపు మీద తడి చేతులు, తొట్టిలో నీళ్ళు అడుగంటుతున్నాయి, ఫినాయిల్ సీసా ఖాళీ. "ఒక్కలన్న నీళ్ళు మంచిగ పోస్తలేరక్కా, నేనేమన్న వాళ్ళకు అమ్మనా?" అని దేవమ్మ చీపురు పట్టుకుని నా మీదికొచ్చింది. ఆమె కోపం న్యాయమే. అందరినీ నిలబెట్టి, వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే నీళ్ళు పొయ్యాలని, తొట్టి తగ్గితే చివర వచ్చినవాళ్ళే నింపాలని, చెప్పులకి మట్టి ఉంటే బయటే దులపాలని చెప్పాను. రాజవ్వ, "ఇగ మొదలువెట్టింది" అంది. తిట్టింది, తొట్టి మాత్రం నింపింది.

భానూరు ఇద్దరూ పనిలోకి వచ్చేశారు. మురికి గదిని చూసి ఇంత మురిసిపోయేదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

8 మార్చి, సోమవారం

మొగులమ్మ వచ్చింది. కాస్త కుంటుతోంది. కూర్చుని లేవడానికి ఆసరా కావాలని ఆమె అడగకముందే యాదగిరి గోడకి ఇనప కడ్డీ బిగించాడు. నేను చెప్పలేదు. మొగులమ్మే, "నువ్వు పెట్టిచ్చినవా?" అని అడిగితే కాదన్నాను. ఎవరు చెప్పారో నాకిప్పటికీ తెలియదు.

12 మార్చి, శుక్రవారం

ఇవాళ జరిగింది రాసుకోకపోతే నిద్ర పట్టదు. నవ్వు ఇంకా ఆగడం లేదు.

పదకొండింటి టీకి నేను లోపల ఉన్నాను. బయట చెప్పుల చప్పుడు, మగవాళ్ళ గొంతులు. బాపిరాజుగారి గొంతు ముందు గుర్తుపట్టాను. "అందుకే సార్ అంటున్నాను, ఈ గది వార్నిష్ డబ్బాలకి బాగా పనికొస్తుంది. ఆడవాళ్ళు ఇందులోకి వెళ్ళరు. ఆ కమలాకుమారిగారే వెళ్ళరు, ఇక వాళ్ళేం వెళ్తారు? మార్చి వచ్చేసింది, ఇక వీళ్ళ సంగతి తేల్చేద్దాం" అంటున్నారు.

"ఈ మధ్య వాడుతున్నారని విన్నానే" అన్నారు మేనేజరు.

"పైపైకి సార్. మీరే చూడండి" అని తలుపు నెట్టారు. గడియ ఆపింది. మళ్ళీ నెట్టారు. "చూశారా? గట్టిగా మూసి పెట్టారు. వాడేవాళ్ళయితే మూసి ఎందుకు పెడతారు?"

ఎన్నో మాటలు అన్న నోరు, మేనేజరుని నిలదీసిన నోరు, ఆ ఒక్క మాట అనడానికి రాలేదు. ఊరుకుంటే వాళ్ళు వెళ్ళిపోతారు, నా పరువు దక్కుతుంది. గది డబ్బాలకి పోతుంది. మొగులమ్మ, రాజవ్వ, దేవమ్మ, అందరూ పోతారు. నేనూ పోతాను.

కళ్ళు మూసుకుని అరిచాను. "లోపల మనిషి ఉంది!"

లేతు మెషిన్లు కూడా ఆగినట్టనిపించింది.

"ఎవరది?" అన్నారు బాపిరాజుగారు.

"నేనేనండీ, కమలాకుమారిని. ఇంకా అవలేదు. కాస్త ఆగండి!"

అప్పుడు రాజవ్వ గొంతు వినిపించింది, పొలంలో అరిచినట్టు. "సార్, జెర పక్కకు జరుగుర్రి. అక్క ఎన్క నేనున్న, నా ఎన్క మొగులమ్మ ఉన్నది. దానికి ఐదో నెల పోయి ఆరో నెల, ఆగదు. మీరు గిట్ల తలుపుకు అడ్డం నిలబడితె మేమెట్ల పోవాలె?"

"సారీ అమ్మా, సారీ" అంటూ మేనేజరుగారి చెప్పులు దూరంగా వెళ్ళాయి.

నీళ్ళు పోశాను, చేతులు కడుక్కున్నాను, కొంగు సర్దుకున్నాను. తల వంచుకుని వద్దామనుకున్నాను గానీ తలుపు తియ్యగానే వరసలో నిలబడ్డ మా వాళ్ళందరి మొహాలూ కనిపించాయి. తల వంచలేదు. రాజవ్వ నన్ను తోసుకుని లోపలికి పోయింది.

మేనేజరుగారు బోర్డు దగ్గర నిలబడి, ఆ బోర్డు ఎప్పుడూ చూడనట్టు చదువుతున్నారు. బాపిరాజుగారి చెవులు ఎర్రగా ఉన్నాయి. నేను దగ్గరికి వెళ్ళాక మేనేజరు గొంతు సవరించుకుని, ఆ వరస వైపు చూడకుండా చూస్తూ, "ఏప్రిల్లో మీ వాళ్ళ పర్మనెంటు కాగితాలు వచ్చాక, ఇంకో ఇరవై మంది ఆడవాళ్ళని తీసుకుందామని అనుకుంటున్నామండీ. అప్పుడు ఈ ఒక్క గది చాలదు కదా?" అన్నారు.

అంటే మేం ఉన్నట్టే! నా చెవుల్ని నేనే నమ్మలేదు. వరసలో ఉన్న మొగులమ్మ కూడా వింది.

"చాలదండీ. ఇప్పుడే చాలడం లేదు, చూస్తున్నారుగా" అన్నాను.

నా వెనక మొగులమ్మ, "రాజవ్వా, జల్ది రావే!" అని తలుపు బాదుతోంది.